పెసలు ఏరిన చెయ్యి

ఏకాంబరానికి నలభై ఎనిమిదో ఏట కుడిచెయ్యి పడిపోయింది.

నగరిలో ఒక మరమగ్గాల షెడ్డులో నాలుగు మగ్గాలు ఒక్కడే చూసుకునే మనిషి అతను. ఆ మోతలో మాట వినబడదు, పనంతా కళ్లతోనే. ఏ మగ్గం మీద పోగు తెగినా అవతలి కొస నుంచే పసిగట్టి, వెళ్లి, రెప్పపాటులో రెండు వేళ్లతో ముడివేసి వచ్చేవాడు. అలాంటివాడు ఒక ఉదయం పళ్లు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. వంగి తీసుకోబోయి అక్కడే కూలబడ్డాడు.

ప్రాణం దక్కింది. మాట పోలేదు. కాలు కూడా మూడు నెలలకు ఈడ్చుకుంటూ దారికొచ్చింది. చెయ్యి మాత్రం తనది కానట్టు ఒళ్లో పడి ఉండేది. తిరుపతి ఆసుపత్రిలో కసరత్తులు చేయించే మోనిక అనే అమ్మాయి అతనికొక రబ్బరు బంతి ఇచ్చింది.

“దినామూ నొక్కాల అన్నా. వేళ్లకి పని సెప్తేనే అవి మాట వింటాయి.”

ఇంటికొచ్చిన మర్నాడే దాన్ని మంచం కిందికి విసిరేశాడు. “నేనేమన్నా సంటిబిడ్డనా, బంతితో ఆడుకునేదానికి?” అన్నాడు భార్యతో.

భార్య జయంతికి వాదించే ఓపిక లేదు. ఆమెకు తీరికా లేదు. అంతకుముందు ఇంట్లో నూలు కండెలు చుట్టుకునే మనిషి ఇప్పుడు అతని మగ్గాల్లో రెండింటిని తాను నడుపుతోంది. పొద్దున ఆరింటికి వెళితే చీకటి పడే వేళకు వస్తుంది. అతను సరిగా తినడం లేదన్నదే ఆమె దిగులు. ఉప్పు తగ్గించమన్నారు, ఊరగాయ మాన్పించమన్నారు. ఆ చప్పిడి కూడు చూస్తేనే మొహం తిప్పుకునేవాడు.

ఒకసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మోనిక మధ్యాహ్నం డబ్బాలోంచి మొలకెత్తిన పెసలు తింటూ కనిపించింది. జయంతి అడిగి తెలుసుకుంది. సాయంత్రం పెసలు నానబెట్టాలి. తెల్లారి నీళ్లు వంచేసి, గాజు సీసాలో పోసి, మూతికి పలచటి గుడ్డ కట్టి, ఏటవాలుగా బోర్లించి పెట్టాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు పోసి కడిగి వంపెయ్యాలి. రెండో రోజుకు తోకలు వస్తాయి.

“మన ఊర్ల ఎండకి నీళ్లు మార్సకుంటే కంపు కొడతాయి అక్కా, మర్సిపోవద్దు” అంది మోనిక.

జయంతికి మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఒక అరగంట ఇంటికొచ్చే వీలుంది, అప్పుడు కడిగేది. మొదటిసారి బాగానే వచ్చాయి. కాస్త ఆవిరి పట్టించి, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పెట్టింది. “గడ్డి నమిలినట్టుండాది” అంటూనే గిన్నె ఖాళీ చేశాడు. రెండోసారి మధ్యాహ్నం షెడ్డులో కరెంటు ఆలస్యంగా వచ్చి ఆమె ఇంటికి రాలేకపోయింది. మర్నాడూ అదే తీరు. సాయంత్రం వచ్చి గుడ్డ విప్పేసరికి జిగురు, కుళ్లు వాసన. సీసా పట్టుకుని గడప మీద కూర్చుంది.

“రెండు దోసిళ్ల నీళ్లు పొయ్యలేకపోతిని” అంది. ఏడుస్తోంది. పెసల కోసం కాదని అతనికి తెలుసు.

ఆ సీసా రెండు రోజులూ అతని మంచానికి నాలుగడుగుల దూరంలోనే ఉంది. కళ్లెదుటే పాచిపోయింది. అతను చూస్తూనే ఉన్నాడు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే కోపం తెచ్చుకునేవాడు, అంతటితో పోయేది. ఎత్తలేదు కాబట్టే ముల్లులా లోపల దిగింది.

మూడో విడత పెసలు సీసాలో పడ్డ రోజు, జయంతి షెడ్డుకు వెళ్లాక ఏకాంబరం గోడ పట్టుకుని లేచాడు. ఎడమచేత్తో చెంబు ఎత్తి సీసాలో నీళ్లు పోశాడు. వంచడం దగ్గరే చిక్కొచ్చింది. గుడ్డ ఊడకుండా ఒక చెయ్యి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి సీసాను వంచాలి. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, వేళ్లను ఒక్కొక్కటిగా సీసా చుట్టూ వంచి అదిమి పెట్టాడు. వంచాడు. వేళ్లు వదిలేశాయి. గుడ్డ ఊడి సగం పెసలు నేల మీదికి జారాయి.

అదృష్టం, సీసా పగల్లేదు.

ఎడమచేత్తో ఊడ్చి ఎత్తేయవచ్చు. ఎందుకో మొండికేశాడు. నేల మీద చతికిలబడి, కుడి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక పెసర గింజ పట్టబోయాడు. జారింది. మళ్లీ పట్టబోయాడు, మళ్లీ జారింది. చెమటలు పట్టాయి. ఎన్నోసారికో ఒకటి రెండు వేళ్ల మధ్య నిలిచింది. దాన్ని సీసాలో వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. మధ్యాహ్నం దాకా ఏరితే పట్టుమని ఇరవై గింజలు కాలేదు. మిగిలినవి ఎడమచేత్తోనే ఎత్తి, కడిగి, గుడ్డ కట్టాడు.

“నేలంతా తడి ఏందబ్బా?” అంది కాసేపటికి భోజనానికి వచ్చిన జయంతి.

“పిల్లి దొబ్బి పడేసింది చెంబుని.”

అతని లుంగీ మడతలో నాలుగు పెసలు అంటుకుని ఉన్నాయి. ఆమె వాటిని చూసింది. “పాడు పిల్లి” అని నీళ్లు తుడిచేసింది.

ఆ తర్వాత ఆ పని అతనిదే అయిపోయింది. రోజూ కావాలనే గుప్పెడు పెసలు పళ్లెంలో పోసుకుని కుడిచేత్తో ఏరేవాడు. సీసా వంచడం పట్టుబడడానికి నెలన్నర పట్టింది.

తర్వాతిసారి మోనిక బల్ల మీద చిన్న చెక్కముక్కలు పరిచి, కుడిచేత్తో తీసి చూపించమంది. ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేశాడు. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది.

“బంతి బాగా నొక్కతా ఉండావే అన్నా!”

“బంతి యాడుండాదో నాకు తెలీదమ్మా. పెసలు ఏరతా ఉండాను.”

మోనిక పకపకా నవ్వింది. జయంతి మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

నాలుగు మగ్గాల ఏకాంబరం తిరిగి రాలేదు. ఆ సంగతి అతనూ ఒప్పుకున్నాడు. షెడ్డు యజమాని ధనంజయ పూటపని ఇచ్చాడు, కూర్చుని కండెలు సిద్ధం చేసే పని. మొదటి రోజు ఇద్దరూ కలిసే నడిచి వెళ్లారు, అతని కాలికి తగ్గట్టు ఆమె అడుగు తగ్గించుకుంటూ. సందు మలుపు దగ్గర అతను ఆగాడు.

“మే జయంతీ, ఈతూరి ఉలవలు నానబెడతాను. ఈ పెసలు నాకు సరిపడలే.”

“ఇన్నాళ్లూ తింటివి గదా?”

“నువ్వు పెడితివని తింటిని” అని ముందుకు నడిచాడు.