బస్టాండు గోలలో చెవి పరీక్ష

ఆ రోజుల్లో తెల్లకోటు తొడుక్కుంటే తెలివి దానంతటదే వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఎనభైల మొదట్లో వరంగల్‌లోని ఒక చెవుల దవాఖానలో వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. చప్పుడు రాని గదిలో రోగికి హెడ్‌ఫోన్ పెట్టి నేను మైకులో మాటలు చెప్పాలి, ఆయన తిరిగి చెప్పాలి (చప్పుడు రాని గదంటే గోడలకు దుప్పట్లు కొట్టిన పాత మందుల స్టోర్). "నిశ్శబ్దంలో ఎవడైనా వింటాడయ్యా, గోలలో వింటున్నాడా చూడాలి" అని మా పెద్ద డాక్టరుగారు ఆ గోల తెచ్చే మహత్కార్యం నాకు అప్పగించారు. టేప్ రికార్డర్ చంకనపెట్టుకుని, శాస్త్రానికి నేను చేస్తున్న సేవను నేనే మెచ్చుకుంటూ, బస్టాండు గోలంతా పట్టుకొచ్చాను.

మొదటి బలి కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దాయన. ఆయన్ను భార్య దాదాపు లాక్కొచ్చింది. "ఈయనకు చెముడు లేదు సారూ, అంత నాటకం. ఒక్కడే ఉన్నప్పుడు పిలిస్తే పలుకుతడు. ఇంట్ల నలుగురుంటే నా మాట చెవినవెట్టడు. నాతోని మాట్లాడుడు ఇష్టం లేక గిట్ల చేస్తాండు. నిజమేందో చెప్పుండ్రి, నాటకమే అయితే మా అన్న ఇంటికి పోత." ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

నిశ్శబ్దంలో పెద్దాయన అన్నీ సరిగ్గా చెప్పాడు. "చూసిండ్రా" అందామె. చూశాను, నాటకమేనని తీర్పు కూడా ఇచ్చేసుకున్నాను (ఆ వయసులో పరీక్షకన్నా తీర్పు ముందు పూర్తయ్యేది). తర్వాత టేపు పెట్టి "గొడుగు" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని కష్టపడి "డోర్నకల్" అన్నాడు. "పలక" అంటే "జర జరుగుండ్రి" అన్నాడు. "నిమ్మకాయ" అంటే, పాపం, "తొర్రూరు బస్సు పోయింది" అని నాకే సానుభూతి తెలిపాడు.

ఆమె నవ్వింది. "చూడుండ్రి, ఎట్ల ఆడతాండో." గుమ్మంలోంచి చూస్తున్న డాక్టరుగారు ఆ హెడ్‌ఫోన్ ఆమెకు పెట్టించారు. అదే గోలలో నేను "ముగ్గు" అన్నా, "చేప" అన్నా ఆమె ఠక్కున చెప్పేసింది. చెప్పి భర్త వైపు తిరిగింది.

"నాటకం కాదమ్మా. గోలలోంచి మాటను ఏరుకునే బలం ఆయన చెవికి తగ్గింది" అన్నారు డాక్టరుగారు.

ఆమె హెడ్‌ఫోన్ తీసి భర్త ఎదురుగా కూర్చుంది. "గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. నువ్వే ఇనలే" అన్నాడాయన మెల్లగా.

గేటు దగ్గర రిక్షాల గోలలో ఆమె ఆగి, ఆయన ముఖానికి ముఖం పెట్టి ఏదో అంది. ఆయన నవ్వాడు. ఏమందో కిటికీలోంచి నాకు వినపడలేదు. అయినా అదంతా నా పరీక్ష గొప్పతనమేనని ఆ సాయంత్రం రూమ్మేట్లకు చాయ్ తాగించాను. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలచుకుంటే కోపం రాదు, కాస్త ముద్దొస్తాడు.