ఎక్కడికి అని అడగని స్పానిష్

మా అమ్మాయి ఆరో తరగతిలో స్పానిష్ తీసుకుందని తెలియగానే మా అమ్మ, "ఇందీ ఏటి పాపం సేసిందే?" అని అడిగింది. హిందీ ఏ పాపమూ చెయ్యలేదు. బడివాళ్ళు మూడో భాషగా ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. పక్క బెంచీ పిల్ల స్పానిష్ అంది కాబట్టి మా పిల్లా స్పానిష్ అంది. మా ఇంట్లో పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే జరుగుతాయి. నా పెళ్ళి సంబంధం కూడా దాదాపు ఇలాగే కుదిరింది.

ఏడాదంతా బాగానే గడిచింది. వేసవి సెలవులిచ్చే రోజున స్పానిష్ టీచరు తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి చల్లగా బాంబు పేల్చింది. సెలవుల్లో వదిలేస్తే పిల్లలు నేర్చుకున్నదంతా మర్చిపోతారట. రోజూ కాసేపు ఎవరితోనైనా ఆ భాషలో మాట్లాడించాలట. బడి తెరవగానే నోటి పరీక్ష పెడతారట. అందులో నెగ్గినవాళ్ళు పై తరగతి స్పానిష్‌కి వెళ్తారు. నెగ్గనివాళ్ళు ఐదు దాటి ఆరులోకొచ్చి కొత్తగా మొదలుపెట్టే పిల్లలతో కలిసి మళ్ళీ మొదటి పాఠం నుంచి చదువుకుంటారు.

ఆ కొత్త పిల్లల్లో మా అబ్బాయి ఉన్నాడు.

ఆటోలో ఇంటికొస్తున్నంతసేపూ మా అమ్మాయి నోరు విప్పలేదు. వాడు మాత్రం నోరు మూయలేదు. "అక్కా, కిటికీ పక్క సీటు నీకే ఉంచుతాను. బోర్డు మీద ఏముందో అర్థం కాకపోతే నన్నడుగు" అని తెగ ఓదార్చాడు. ఆ రోజు అన్నాల దగ్గర అది తల ఎత్తకుండానే, "వాడి పక్కన కూర్చోవాల్సి వస్తే నేను బడికెళ్ళనమ్మా" అంది. బెదిరింపులా అంటే కసిరేదాన్ని. చిన్న గొంతుతో, ముందే ఓడిపోయినట్టు అంది.

ఎవరితోనైనా మాట్లాడించండి అని చెప్పడం తేలికే. విశాఖపట్నంలో ఎవరితో? మా ఆయన అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టు చేసి వచ్చాక తెలుగులో కూడా మాట్లాడడు. నేను పొద్దస్తమానం రుషికొండ మీద ఆఫీసులో చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఇంగ్లీషులో బతిమాలుకుంటూ ఉంటాను. కాబట్టి ఈ కాలపు తల్లులందరూ చేసేదే నేనూ చేశాను. ఫోన్లో వెతికి ఏవేవో తెప్పించాను.

ముందు స్టిక్కర్లు వచ్చాయి. ఫ్రిజ్ మీదా, ఫ్యాను స్విచ్చు మీదా, స్నానాల బకెట్టు మీదా స్పానిష్ పేర్లు అంటించాను. చూడటానికి వచ్చిన మా అమ్మ, సామాను అమ్మేస్తున్నామేమోనని కంగారు పడింది. తర్వాత ఒక యాప్ పెట్టాను. మా అబ్బాయి కళ్ళు మూసుకుని ఎక్కడ పడితే అక్కడ నొక్కేవాడు, అది వాడిని తెగ మెచ్చుకునేది. స్పానిష్ కార్టూన్లు పెట్టి ఆఫీసుకెళ్తే, ఇద్దరూ సౌండు తీసేసి బొమ్మలకి సొంతంగా తెలుగు డైలాగులు చెప్పుకున్నారు. ఆ డైలాగుల్లో ఒక మంత్రగత్తె ఉంది. అచ్చం నాలాగే మాట్లాడుతుంది.

ఇక లాభం లేదని పిల్లల్ని పగలంతా మా పుట్టింట్లో వదలడం మొదలుపెట్టాను. మా పుట్టిల్లు సముద్రం ఒడ్డునే, జాలరిపేటలో. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెడతాయని ప్రభుత్వం వేట ఆపేస్తుంది. బోట్లన్నీ హార్బర్లో కట్టేసి ఉంటాయి, బోట్ల మీద తిరిగే మగాళ్ళందరూ ఇళ్ళల్లో ఉంటారు. ఆడవాళ్ళకి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. వేట లేని రోజుల్లో మా అన్నయ్య బియ్యం ఎలా కడగాలో, బట్టలు ఎటు ఆరెయ్యాలో అందరికీ నేర్పుతూ ఉంటాడు. మా వదిన ఎండుచేపల గంప పట్టుకుని పొద్దున్నే బయటపడిపోతుంది. అమ్మకం సంగతి ఎలా ఉన్నా ప్రశాంతంగా ఉంటుందని ఆవిడ వాదన.

మిగిలిన వేళంతా అన్నయ్య అరుగు మీద కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటూ ఉంటాడు. మోకాళ్ళ మీద బారెడు వల పరుచుకున్న మనిషి లేచి పారిపోలేడని మా అమ్మాయి కనిపెట్టింది. పుస్తకం పట్టుకుని ఎదురుగా చతికిలబడింది.

"మావయ్యా, నువ్వు నాతో స్పానిష్ మాట్లాడాలి."

"నాకు దాంతో ఏటి పనే? నా తెలుగే గవర్మెంటోల్లకి అర్దం కాదు" అన్నాడు మా అన్నయ్య.

అది వదల్లేదు. చేపని ఏమంటారో చెప్పనా అంది. నీళ్ళలో ఈదుతుంటే 'పెస్' అంటారట, పట్టుకుని తినడానికి తెచ్చాక 'పెస్కాదో' అంటారట. అన్నయ్య చేతిలో పని ఆగిపోయింది. ఇంకోసారి చెప్పమన్నాడు. రెండూ వేరువేరు మాటలేనా అని గట్టిగా అడిగి తేల్చుకున్నాడు. ఆ సాయంత్రం నేను పిల్లల కోసం వెళ్ళేసరికి టీ కొట్టు దగ్గర నలుగుర్ని పోగేసి, "ఆల్లకి సంద్రం తెలుసు బావా. బతికున్న సేపకో పేరు, సచ్చిన సేపకో పేరు పెట్టుకున్నారు. మనం అదీ సేపే, ఇదీ సేపే అంటన్నాం" అని ఉపన్యాసం ఇస్తున్నాడు.

అక్కడి నుంచి ఆయన్ని పట్టడం మా వల్ల కాలేదు. వల కన్నాలు ఊనో, దోస్, త్రేస్ అని లెక్కపెట్టేవాడు. మా వదిన గంప దించగానే ఆ భాషలోనే ఎలా ఉన్నావని అడిగేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో తెలుగులో ఏనాడూ అడగలేదని వదిన నాతో చెప్పుకుని నవ్వింది. మా అమ్మాయికి తప్పులు దిద్దే అధికారం వచ్చింది. తన కంటే పెద్దవాళ్ళని దిద్దడంలో ఉన్న సుఖం దానికి బాగా వంటబట్టింది. మా అమ్మ మాత్రం ఓ మూల కత్తిపీట ముందు కూర్చుని, తనకేమీ పట్టనట్టు కూరలు తరుక్కునేది.

అంతా సవ్యంగా సాగుతుండగా పుస్తకంలో ఆఖరి పాఠం వచ్చింది. ఆ రోజు అన్నయ్య ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఎవరితోనో పనుండి చొక్కా వేసుకుని గుమ్మం దాటుతున్నాడు. మా అమ్మాయి అరుగు మీంచి పాఠంలో మొదటి వాక్యం విసిరింది.

"ఆదోందే బాస్, మావయ్యా?"

"అంటే ఏటే?"

"ఎక్కడికి వెళ్తున్నావు అని."

ఆయన వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. చెప్పులు విడిచాడు. లోపలికొచ్చి పీట మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు. మా ఇళ్ళల్లో బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందని నమ్మకం. వేటకెళ్ళే వాళ్ళని అడిగితే ఇంక చెప్పనే అక్కర్లేదు. ఆ ఒక్క ప్రశ్నకి మా అన్నయ్య బోటు దిగి ఇంటికొచ్చేసిన రోజులున్నాయి.

"ఈ మాట మనింట్లో వొద్దమ్మా" అన్నాడు.

"తెలుగులో అడగలేదు కదా మావయ్యా. స్పానిష్‌లో అడిగాను."

"గంగమ్మ తల్లికి అన్ని బాసలూ వచ్చు."

చివరికి మామా కోడలూ ఓ ఒప్పందానికి వచ్చారు. వెళ్ళేవాళ్ళని ఏమీ అడగకూడదు, వచ్చేవాళ్ళని ఎక్కణ్ణుంచి వస్తున్నావని ఎంతైనా అడగొచ్చు. ఇంక చూడాలి. పాలవాడు, గ్యాసు సిలిండరు తెచ్చినవాడు, ఉప్పు అడగడానికి వచ్చిన పక్కింటామె, గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళనీ 'దే దోందే బియేనెస్' అని అది నిలదీసేది. అన్నయ్య పక్కనుండి తర్జుమా చేసేవాడు. మా అబ్బాయి ఇవేవీ పట్టించుకోకుండా బంతాట ఆడుకునేవాడు. వాడి ధీమా వాడిది, వాడు ఎలాగూ మొదటి పాఠం నుంచే కదా.

బడి తెరిచే ముందు టీచరు నుంచి మెసేజ్ వచ్చింది. నోటి పరీక్ష ఆఖరి పాఠం మీదే ఉంటుందట. ఎక్కడికి వెళ్తున్నావు, ఎందుకు వెళ్తున్నావు, తర్వాత ఎక్కడికి వెళ్తావు. పిల్లలు ఈ ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. సెలవులన్నీ మా పిల్ల వచ్చేవాళ్ళతోనే గడిపింది. వెళ్ళడం గురించి ఒక్క ముక్క పలకలేదు. ఈ ఘనకార్యం భూమ్మీద ఇంకే ఇంట్లోనూ జరిగి ఉండదు.

నేనే నేర్పుదామని కూర్చుంటే అది చెవులు మూసుకుంది. "అలా అడక్కూడదమ్మా. పరీక్ష ముందు అస్సలు అడక్కూడదు" అంది. తిడదామని నోరు తెరిచి ఊరుకున్నాను. ఎందుకంటే మా ఆయన రాత్రి డ్యూటీకి బయల్దేరితే నేను మాత్రం ఏనాడు అడిగాను? కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగం నాది, అయినా వీధిలో ఎవరైనా ఎదురైతే ఎక్కడికి అనకుండా "ఎందాకా?" అనే అంటాను.

కోపం తీర్చుకోవడానికి అన్నయ్య దొరికాడు. "నీ నమ్మకాలు నీ దగ్గర పెట్టుకోవాలి గానీ పిల్ల చదువు మీద రుద్దుతావా? అది తమ్ముడి పక్కన కూర్చుని ఏడిస్తే నువ్వొచ్చి ఓదారుస్తావా?" అని కడిగేశాను.

"ఆ టీచరమ్మని ఎందాకా అని అడగమనే. సరిపోద్ది" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. వల మోకాళ్ళ మీదకి లాక్కున్నాడు. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. అది వచ్చి మావయ్య పక్కనే కూర్చుంది గానీ పుస్తకం తెరవలేదు. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దర్నీ చెరో దెబ్బా వెయ్యాలనీ అనిపించింది.

పరీక్ష రోజున నాకు తొందరగా ఆఫీసుకెళ్ళాల్సి వచ్చింది. పిల్లల్ని అన్నయ్య బండి మీద బడికి దింపుతానన్నాడు. అందుకని యూనిఫారాలు తొడిగి పొద్దున్నే మా అమ్మ ఇంటికి తీసుకొచ్చాను. అన్నయ్య అప్పటికే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. కళ్ళు చూస్తే నిద్రపోయినట్టు లేదు. మా అమ్మాయి బూట్లు వేసుకుంది, దేవుడికి దణ్ణం పెట్టింది, కుడికాలు గుమ్మం అవతల పెట్టింది.

అన్నయ్య దాని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆదోందే బాస్?" అన్నాడు.

మా అమ్మాయి బయట పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అయినా కదల్లేదు. మళ్ళీ అడిగాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా.

"బోయ్ అల్ కొలేహియో" అంది అది సన్నగా. బడికి వెళ్తున్నాను. ఎందుకని అడిగాడు. పరీక్ష ఉంది అంది. తర్వాత ఎక్కడికి వెళ్తావన్నాడు. దాని గొంతు తెరుచుకుంది. మధ్యాహ్నం అమ్మమ్మ ఇంటికి వెళ్తాను, చేపలు తింటాను, సాయంత్రం మావయ్యతో సముద్రం దగ్గరికి వెళ్తాను అని స్పానిష్‌లోనే గడగడా చెప్పేసింది.

అప్పుడు వెనక నుంచి మా అమ్మ గొంతు వినబడింది.

"ఒరే, బుద్దుందేట్రా నీకు? పిల్ల పరీచ్చకి ఎల్తంటే ఎక్కడికని అడుగుతావేట్రా ఎదవా?" అని కొడుకుని తిట్టి, మనవరాలి వైపు తిరిగింది. "మజ్జాన్నం సేపలంటన్నావు, సేపలెక్కడివే? వంకాయ కూర తిను."

మేమందరం ఆవిడ వంక చూశాం. ఆవిడకి ఎవరూ ఒక్క ముక్క నేర్పలేదు. వేసవంతా కత్తిపీట ముందు కూర్చుని అన్నీ వింటూనే ఉంది. అంతవరకూ నాకు స్పానిష్ అంటే మార్కులు, ఫ్రిజ్ మీద స్టిక్కర్లు. ఆ పొద్దున్న మా గుమ్మంలో దానికి అపశకునం అయ్యేంత బలం వచ్చింది. నాకు నవ్వూ, ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి.

"నానడక్కపోతే ఆల్లడుగుతారు కదమ్మా" అన్నాడు అన్నయ్య, తల వంచుకుని. "అక్కడెవరో అడిగితే బెదిరిపోద్ది. దోసం ఏదన్నా ఉంటే అడిగినోడికి తగలనీ."

మా అమ్మ మనవరాలిని పీట మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది. తర్వాత కొడుక్కి కూడా ఓ గ్లాసు ఇచ్చింది. తనకేమీ ఇవ్వలేదని మా అబ్బాయి అలిగాడు. వాడికీ ఇచ్చాక బండి కదిలింది.

ఆ రోజు ఆఫీసులో నేనేం పని చేశానో నాకు తెలియదు. సాయంత్రం వెళ్ళేసరికి మా అబ్బాయి దిగులుగా మెట్ల మీద కూర్చున్నాడు. కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉండిపోయిందట. మా అమ్మాయి అరుగు మీద మావయ్య పక్కన కూర్చుని వంకాయ కూరతో అన్నం తింటోంది. నేను అడిగేలోపే పై తరగతికి వెళ్ళానని చెప్పింది. గదిలోకి వెళ్ళగానే టీచరు అడిగిన మొదటి ప్రశ్న అదేనట.

"మరి భయం వెయ్యలేదా?" అన్నాను.

అది ముద్ద మింగి, నాకు ఏమీ తెలియదన్నట్టు చూసింది.

"మావయ్యే అడిగేశాడు కదమ్మా. ఇంకెవరు అడిగితే ఏటి?"