నేను తుడిచేసిన చిన్న గెలాక్సీ

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజుల్లో ఆకాశం చూసే పిచ్చి ఉన్నవాళ్ళం కొందరం ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాల్లో కలిసేవాళ్ళం. అక్కడ ఒకసారి ఒక గెలాక్సీ ఫొటో గురించి నేనో మాట అన్నాను. అది అబద్ధం. ఇన్నేళ్ళూ దాన్ని మోసి అలిసిపోయాను. ఇప్పుడు దించేస్తున్నాను.

ఆ ఫొటో తీసింది నా మిత్రుడు. ఎల్‌బీ నగర్‌లో చీరల దుకాణం అతనిది. వాళ్ళది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. నేను విజయవాడ నుంచి వచ్చి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీద ఫొటోలు దిద్దడం నేర్పేవాణ్ణి. టెలిస్కోపు, కెమెరా అతనివి, కంప్యూటర్ నాది.

గెలాక్సీ ఒక్క ఫొటోలో రాదు. ఒకే చోటును పదేపదే తీసి, అన్నిటినీ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పేర్చినా తెర నల్లగానే ఉంటుంది. ఆ నలుపులోంచి వెలుతురును మెల్లగా పైకి లాగాలి. ఎక్కువ లాగితే ఇసుక చల్లినట్టవుతుంది. అందుకని మాకో పద్ధతి ఉండేది. మౌస్ నా చేతిలో ఉంటే అతను వెనక కూర్చుని ‘చాలు’ అనాలి. అతను అన్నాక నేను ఆపాలి.

“చాలు సారూ. రంగు పొయ్యేదాక ఉతుకుతవా ఏంది?”

“ఇంకొంచెం వస్తుందన్నా.”

“ఒస్తది. గట్ల గుంజితే లేని చుక్కలు గూడ ఒస్తయి.”

ఇంకో పని పూర్తిగా అతనిదే. కెమెరాలో పడ్డ దుమ్ము నీడలు ప్రతి ఫొటోలోనూ మచ్చలుగా వస్తాయి. తెల్లవారగానే టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ కట్టి, ఆ ఉత్త తెలుపును ఫొటోలు తీస్తే, దుమ్ము ఎక్కడుందో కంప్యూటర్ వాటిలో చూసి సరిదిద్దుతుంది. గుడ్డ వాళ్ళమ్మ నేసింది. గంజి మొత్తం పోయేదాకా ఉతికింది, ఎక్కడా ముడి లేనిది. అయితే ఆ గుడ్డ ఫొటోలు తీసేదాకా కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదిలితే దిద్దుబాటు వేరేచోట పడి తెల్లటి మరక మిగులుతుంది. నాదర్‌గుల్ అవతల వాళ్ళ చుట్టాల పొలంలో ఫొటోలు తీస్తే, ఆ గుడ్డ విప్పేదాకా నన్ను టెలిస్కోపు దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

బంద్ రోజుల్లో అతని షట్టరూ, మా ఇన్‌స్టిట్యూటూ మూతపడేవి. పొద్దస్తమానం మా గదిలో ఈ పనే. ఒక బంద్‌నాడు మాత్రం నేను ఊరెళ్దామని బ్యాగుతో ఎల్‌బీ నగర్ చౌరస్తాకి పోయాను. బస్సులు ఆగిపోయి ఉన్నాయి. రోడ్డు మీద కూర్చున్న జనంలోంచి అతను లేచి వచ్చాడు.

“బస్సుల్లేవు సారూ. పా, ఛాయ్ తాగుదాం.”

“బస్సులాపేది మీవాళ్ళే, టీ ఇప్పించేదీ మీవాళ్ళేనా?”

“మావాళ్ళు మీవాళ్ళు ఎప్పటిసంది సారూ?”

నేను బ్యాగు భుజాన వేసుకుని వెనక్కి తిరిగాను. తర్వాత అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అప్పటికే అతను తీసిన ఆండ్రోమెడా గెలాక్సీ ఫొటోలు నా దగ్గరున్నాయి. ఆదివారం హాల్లో చూపించాలి. ఒక్కణ్ణే కూర్చున్నాను. పేర్చాను, లాగాను. గెలాక్సీ పక్కన కోలగా ఒక తెల్లటి మసక తేలింది. కెమెరా కదిలి ఉంటుంది, దుమ్ము మరక అనుకున్నాను. అతనికి ఫోన్ చేస్తే ఒక్క మాటలో చెప్పేవాడు. చెయ్యలేదు. గెలాక్సీల పుస్తకం తెరిచి చూసినా సరిపోయేది. పెళ్ళి ఫొటోల్లో మొటిమలు ఎలా తీసేయాలో పిల్లలకు నేర్పేవాణ్ణి కదా, అదే బ్రష్షుతో దాన్నీ తుడిచేశాను.

ఆ ఆదివారం అతను రాలేదు. ఫొటో తెర మీద పడగానే అందరూ బాగుందన్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి దగ్గరికెళ్ళి చూశారు.

“దీని పక్కన చిన్న గెలాక్సీ ఒకటి ఉండాలి గదా. ఏదీ?”

నేను తుడిచేసింది దాన్నేనని నాకు అప్పుడే అర్థమైంది.

“తీసినాయన తెల్లగుడ్డ ఫొటోలు సరిగ్గా తీయలేదండీ. ఉద్యమంలో తిరుగుతున్నాడు కదా, ధ్యాస ఇక్కడ లేదు. కెమెరా కదిపేశాడు. దిద్దుబాటు దానిమీద పడి అది చెరిగిపోయింది.”

“చిన్న గెలాక్సీ గూడ వేరే రాష్ట్రం అడిగి పోయినట్టుంది!” అన్నారెవరో. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ మాట అతనికి చేరింది. మళ్ళీ ఆదివారాలకు రాలేదు. అంతకుముందు ఎవరికి ఫొటో కావాలన్నా అతన్నే అడిగేవాళ్ళు. తర్వాత ఎవరూ అడగలేదు. టెలిస్కోపు దుకాణం అటక మీదికి ఎక్కిందని విన్నాను.

రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది. ఈమధ్య పాత హార్డ్‌డిస్క్ పారేయబోతూ ఆ ఫొటోలు చూశాను. మళ్ళీ మొదటి నుంచీ పేర్చాను. ఈసారి బ్రష్షు ముట్టలేదు. చిన్న గెలాక్సీ దాని చోట అది ఉంది. దుమ్ము మచ్చ ఒక్కటి లేదు, మరక ఒక్కటి లేదు. ప్రింటు తీయించి, మెట్రోలో చివరి స్టేషన్ దాకా పోయి, అతని దుకాణంలోకి వెళ్ళాను.

అతను చీరలు మడతపెడుతున్నాడు. ప్రింటు తీసుకుని గుమ్మం వెలుతుర్లో పట్టి చూశాడు.

“బాగ గుంజినవ్.”

“చాలు అనేవాళ్ళు లేరు కదన్నా.”

అతను నవ్వలేదు. హాల్లో ఏం చేశానో, ఏమన్నానో అంతా చెప్పాను. మడత ఆపకుండానే విన్నాడు.

“నాకెందుకు జెప్తున్నవ్ సారూ? నేనెట్ల తీసిన్నో నాకెరుకే. ఆడ నవ్విన్రు గదా, ఆళ్ళకు జెప్పు.”

ఇంతలో గిరాకీ వచ్చింది. ప్రింటు కౌంటరు మీద ఉండగానే దానిమీద చీర పరిచి చూపించడం మొదలుపెట్టాడు. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ హాలిప్పుడు సెల్‌ఫోన్ల షాపు. నవ్వినవాళ్ళలో కొందరు ఊళ్ళు మారారు, ఆ పెద్దాయన పోయారు. మిగిలినవాళ్ళలో ఎవరైనా ఇది చదివితే వాళ్ళకే చెప్తున్నాను. అతను కెమెరా కదపలేదు. గుడ్డ సరిగ్గానే కట్టాడు. అతను తీసిన ఫొటోల్లో ఆ చిన్న గెలాక్సీ ఉంది. తుడిచింది నేను.