మిగిలిన అరచేప

మా మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని, ఏడుని రెండుతో భాగించమని దానికి చెప్పింది. అది మూడు అని చూపించింది. "పూర్ణసంఖ్యలైతే మిగిలింది వదిలేస్తుంది తాతా" అంది. వదిలేసింది ఎక్కడికి పోతుందని అడిగాను. ఆ పిల్ల అప్పటికే ఇంకో లెక్కలో పడింది. నాకు తెలుసు.

అరవైల్లో నేను వాకాడు దగ్గర సముద్రపుటొడ్డు పల్లెకి ఇల్లరికం వెళ్ళాను. ఒడ్డు నుంచి అందరం కలిసి అలివి వల లాగేవాళ్ళం. పడ్డ చేపల్ని ఇసుకలో కుప్పలు పెట్టి మనిషికొక వాటా పంచేవారు. ఇల్లరికపు అల్లుడికి మాత్రం అరవాటా. నిండు వాటా ఎప్పుడిస్తారో పెద్దలే చెప్పాలి. తాడు మాత్రం నేను సగం లాగలేదు.

పంచేది మా ఆవిడ అన్న. మనిషికి ఏడు చందువా చేపలు వస్తే నా ముందు మూడే పడేవి.

"ఇంకో అర యాడ బావా?" అని అడిగాను.

"కోసిన చందువాని కోట నుంచి కొనేదానికొచ్చే సాయిబు కొంటాడా? అరచేప యాడన్నా ఈదిందా?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

"కోయొద్దులే. రేపు ఇంకో అర మిగిల్తే రెండూ కలిపి నాకో చేప ఇయ్యి."

"ఏ పూట వాటా ఆ పూటకే బావా. నిన్నటి చేపని ఇయ్యాల అడిగితే సముద్రం నవ్వతాది."

అది పల్లె ఆచారమే, కాదనను. కానీ ఆ ఆచారం ఎప్పుడూ కిందికే సవరించేది. ఒక్కసారైనా మూడున్నరని నాలుగు చేయలేదు. పైగా నేనడిగిన ఆ చేప ఇసుకలో ఉండేది కాదు. ఒకరోజు కన్నార్పకుండా చూశాను. నేరుగా బావ బుట్టలోకి వెళ్ళింది.

"అది వల వాటా" అన్నాడు. "వలకి ఆకలెయ్యదా?"

"వల మీ ఇంట్లోనే తింటాదా?"

వెళ్ళి పల్లె పెద్దాయన వాకిట్లో కూర్చున్నాను. అరలు కూడబెట్టి ఇస్తారా, నిండు వాటా ఇస్తారా, తేల్చమన్నాను. మా ఆవిడ వచ్చి, "ఒక్క చేప కోసం మా అన్న పరువు తీస్తావా?" అంది. అరచేప కోసం, అన్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చినా లేవలేదు. చివరికి పెద్దాయనే విసుక్కున్నాడు.

"ఇయ్యండ్రా నిండు వాటా. ఈ మనిషి ఈడనే ఎండి ఉప్పుచేప అయ్యేట్టున్నాడు."

మరుసటి ఉదయం నా కుప్ప అందరి కుప్పలతో సమానంగా ఉంది. మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. తక్కువ లేదు. కానీ అందరికీ పంచాక, మనిషికొకటి చొప్పున చాలని మూడు చందువాలు ఇసుకలో ఇంకా మిగిలాయి. బావ వాటిని బుట్టలో వేసుకున్నాడు.

"ఇంకేంది బావా, నిండు వాటా వచ్చింది గదా? ఇంటికి పో."

ఆ మూడూ ఎవరివని అడిగాను.