చోడవరం ప్రాంతీయ మానవ హక్కుల కోర్టు

పరదేశికి ఒక్కటే జబ్బు. లోకంలో ఎవరికి ఏ చిన్న ఇబ్బంది వచ్చినా, అది ఐక్యరాజ్య సమితి వారి మానవ హక్కుల ప్రకటనలో ఎన్నో అధికరణం కిందికి వస్తుందో తేల్చి చెప్పందే ఆయనకు తిన్నది అరగదు. చోడవరంలో జ్వరం వచ్చినవాడు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలో పరదేశి దగ్గరికి వెళ్ళాలో తెలియక తటపటాయించేవాడంటే అది అతిశయోక్తే గాని, మరీ పెద్ద అతిశయోక్తి కాదు.

ఈ జబ్బు ధాటిని అందరికంటే ఎక్కువ అనుభవించింది నూకరత్నం. బస్సులు ఆగే చోట ఆవిడకు చిన్న కాఫీ హోటలుంది. పొద్దున్నే మొదటి కాఫీ పరదేశిదే. కాఫీలో పాలు తగ్గితే ఐదో అధికరణం, మనిషిని క్రూరంగా చూడరాదు. బల్ల మీద చోటు లేక నిలబడాల్సి వస్తే ఒకటో అధికరణం, మనుషులంతా సమానులు. అనకాపల్లి బస్సు ఆపకుండా పోతే పదమూడు, రాకపోకల స్వేచ్ఛ. అధికరణాలు ముప్పై, ముప్పయ్యీ ఆయనకు నోటికి వచ్చు. రంగూన్ రేవులో మేస్త్రీగా పనిచేసి, యుద్ధం రోజుల్లో అడవుల వెంట నడుచుకుంటూ ఒక్కడే తిరిగొచ్చిన మనిషి, ఏదో ఒకటి పట్టుకోకపోతే ఎలా బతుకుతాడని నూకరత్నం మొదట్లో జాలిపడేది.

ఆ జాలి కాస్తా పదహారో అధికరణంతో పోయింది. పెళ్ళి అనేది చేసుకునే ఇద్దరి ఇష్టంతోనే జరగాలన్నది ఆ అధికరణం. పరదేశి ఒకనాడు ఇడ్లీ తింటూ దాన్ని గట్టిగా వల్లించాడు. లోపల చట్నీ రుబ్బుతున్న చిన్నతల్లి విన్నది. చిన్నతల్లి నూకరత్నానికి ఒక్కగానొక్క కూతురు. తల్లి చూసిన సంబంధం వద్దని, వడ్డాది నుంచి చెరకు గానుగలు బాగుచేయడానికి వచ్చే దాసును రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. దాసుది వేరే కులం. మళ్ళీ నా గడప తొక్కొద్దని నూకరత్నం గుమ్మంలో నిలబడి అనేసింది. అనేసిన మాట వెనక్కి తీసుకోవడం ఆవిడ ఇంటా వంటా లేదు.

వడ్డాది ఎంతో దూరం కాదు. బస్సెక్కితే కునుకు పట్టేలోగా దిగాలి. అయినా నూకరత్నానికి అది రంగూన్ కంటే దూరమైపోయింది. వడ్డాది బస్సు వచ్చి ఆగినప్పుడల్లా ఆవిడ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది. దిగేవాళ్ళని ఒక్కొక్కరినే చూసేది. ఆఖరివాడు కూడా దిగాక, పెనం మీద అట్టు మాడిపోతోందని ఎవరో ఒకరు చెప్పేవారు. ఆవిడ కూతురి కోసం అంతగా బెంగపడిపోయింది. ఆ బెంగనంతా కోపం చేసి పరదేశి మీద కుమ్మరించేది. ఆయన మటుకు నిమ్మకు నీరెత్తినట్టు కాఫీ తాగేవాడు.

అంతలో, యాభైతొమ్మిదిలో, పేపర్లో ఒక వార్త పడింది. ఐరోపా దేశాలవాళ్ళు కొందరు కలిసి తమ ప్రాంతం వరకు ఒక మానవ హక్కుల కోర్టు పెట్టుకున్నారట. అంతకుముందెప్పుడో పరదేశి ఊరి కష్టాలన్నీ ఏకరువు పెడుతూ సమితికి రాస్తే, అందాయి గాని ఫిర్యాదుల మీద చర్య తీసుకునే అధికారం మాకు లేదని మర్యాదగా జవాబొచ్చింది. అందుకని ఈ వార్త ఆయనకు తెగ నచ్చేసింది.

"సమితి దూరం, సెల్లెమ్మా. మన గోడు అంత దూరానికి ఇనబడదు. ప్రాంతానికో కోర్టుండాల. ఐరోపావోళ్ళకి ఉంది. మనకేటి తక్కువ?" అన్నాడు.

ప్రాంతమంటే ఆసియా ఖండం కాబోలు, ఇంకో వందేళ్ళు పడుతుందిలే అనుకుంది నూకరత్నం. పరదేశి లెక్కలో ప్రాంతమంటే చోడవరం, వడ్డాది, దేవరాపల్లి. మర్నాడు పొద్దున్నుంచే ఆవిడ హోటల్లో గోడవార బల్ల న్యాయస్థానమైపోయింది.

ఆ కోర్టుకు ఒకే నియమం. అదీ ఐరోపావాళ్ళదేనట. పైకి వచ్చేముందు సొంత చోట తట్టాల్సిన తలుపులన్నీ తట్టి రావాలి. మొదటి దావా అచ్చియ్యమ్మది. మొగుడు పెదబాబు మధ్యాహ్నం పడుకుంటే దీపాలు పెట్టేదాకా లేవడం లేదని, లేపబోతే ఇరవైనాలుగో అధికరణం, విశ్రాంతి హక్కు అంటున్నాడని మొరపెట్టుకుంది. పరదేశి కళ్ళు మూసుకుని విన్నాడు.

"పగలు అంత నిద్దరెందుకు వస్తందో ఆడ్ని అడిగేవా?"

"నేదు."

"అడిగి రా. అడక్కుండా వస్తే ఈ కోర్టు తీసుకోదు."

అచ్చియ్యమ్మ గొణుక్కుంటూ వెళ్ళి అడిగింది. పెదబాబుకు మోకాలి నొప్పితో రాత్రుళ్ళు కంటిమీద కునుకు ఉండటం లేదన్న సంగతి ఆవిడకు అప్పుడు తెలిసింది. ఆముదం కాచి మోకాలికి రాసే పనిలో పడి దావా సంగతే మర్చిపోయింది. ఇలా వచ్చిన కేసు వచ్చినట్టే గుమ్మంలోంచి తిరిగిపోయేది. ఒక్క తీర్పు కూడా ఇవ్వకుండా ఇంత పేరు తెచ్చుకున్న కోర్టు ఇంకెక్కడా ఉండదు.

వడ్డాది సంతరోజున కోర్టు అక్కడికి తరలి వెళ్ళేది. బయల్దేరే ముందు పరదేశి నూకరత్నాన్ని ఎగాదిగా చూసి, వంట్లో ఎలా ఉందనీ, రాత్రి ఏం తిన్నావనీ ఆరా తీసేవాడు. జడ్జీగారికి ఇవన్నీ ఎందుకని ఆవిడ కసిరేది. కసురుతూనే అన్నీ చెప్పేది. దేవరాపల్లికి మాత్రం కోర్టు వెళ్ళిన దాఖలా లేదు. అదేమని అడిగితే అక్కడివాళ్ళు బుద్ధిమంతులని చెప్పాడు.

ఒకరోజు హోటల్లో ఎవరూ లేనప్పుడు చూసి నూకరత్నం కూడా దావా వేసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని, గొంతు తగ్గించి మరీ వేసింది. చిన్నతల్లి ఒకసారి వచ్చి తల్లికి కనబడాలని కోర్టు ఆర్డరు వెయ్యాలి.

"నీ గుంటని నువ్వు అడిగేవా?"

"అదే రావాల. నాను అడగను."

అయితే తీసుకోనన్నాడు పరదేశి. ఆ దెబ్బతో ఆయన కాఫీలో పాలు పూర్తిగా మాయమయ్యాయి. ఐదో అధికరణం ఎంత గట్టిగా చదివినా తిరిగి రాలేదు.

గానుగలు ఆడే రోజులొచ్చాయి. ఒక సంతరోజు పరదేశి వడ్డాది నుంచి పెందరాళే తిరిగొచ్చి, బల్ల మీద కూర్చోకుండా తిన్నగా పొయ్యి దగ్గరికే వచ్చాడు.

"దాసుకి భిలాయి ఉక్కు ఫేక్టరీలో పని దొరికింది. ఎల్లుండి రైలెక్కుతన్నారు. గుంట ఈ ప్రాంతం దాటిందంటే నా కోర్టుకి అధికారం నేదు."

నూకరత్నం పిండి గిన్నె కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ కూతురు రాలేదన్న బాధే గాని, వడ్డాదిలోనే ఉందిలే అన్న ధైర్యం అడుగున ఉండేది. ఆ ధైర్యం కాస్తా జారిపోయింది. ఇప్పటికైనా ఆర్డరు వెయ్యమని బతిమాలింది. ఆయన మళ్ళీ అడిగేవా అనేసరికి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. నీ పదహారో అధికరణం వల్లే నా పిల్ల పోయింది, నీ కోర్టు ఎత్తుకుని అవతలకి పొమ్మంది. పరదేశి కదల్లేదు.

"రంగూన్ నుంచి వస్తంటే దారిలో మా ఆడది నడవలేక కూకుండిపోయింది, సెల్లెమ్మా. నీళ్ళు తెస్తానని ఎల్లేను. వచ్చేసరికి పేణం నేదు. ఒగ్గేసి పోయేననుకుందో ఏటో. అడుగుదామంటే మనిషి నేదు. నీ పిల్ల ఇక్కడే ఉంది. ఎల్లి అడుగు."

ఆయనకు పెళ్ళాం ఉండేదన్న సంగతే నూకరత్నానికి అప్పటిదాకా తెలియదు.

మర్నాడు హోటలు తియ్యలేదు. నూకరత్నం వడ్డాది బస్సెక్కింది. ఏమని అడగాలో దారంతా కూడబలుక్కుంది. తీరా వెళ్ళేసరికి చిన్నతల్లి వాకిట్లో గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. తల్లిని చూసి లేచి నిలబడింది. కాస్త చిక్కింది. కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ నూకరత్నం నోటికి రాలేదు.

"ఆకలేస్తంది. తినడానికేటుందే?" అంది.

చిన్నతల్లి కట్టిన సంచి మూతి విప్పి కంచం తీసి కడిగింది. దాసు పీట వేసి పక్కకు తప్పుకున్నాడు. నూకరత్నం దాసు ఇంట్లో, దాసు కంచంలో అన్నం, చారు కడుపునిండా తింది. మారు కూడా వేయించుకుంది. ఆ తర్వాతే తల్లీకూతుళ్ళిద్దరూ ఏడ్చారు.

ఏడుపు తగ్గాక, మొన్న వచ్చిన జొరం తగ్గిందా అమ్మా అని చిన్నతల్లి అడిగింది. నీకెవరు చెప్పారంటే పరదేశి మావ అంది. ఆయన సంత సంతకీ వచ్చి, తల్లి ఏం తిన్నదీ, ఏ చీర కట్టిందీ, ఆ వారం ఎవరిని ఎంత తిట్టిందీ పూసగుచ్చినట్టు చెప్పి పోయేవాడట. చిన్నతల్లీ ఒక దావా వేసిందట, అమ్మ తనను పిలవాలని. ఆమెతోనూ 'అడిగేవా' అనే అన్నాడట. ఒకసారి ధైర్యం చేసి చోడవరం వచ్చింది. బస్సు దిగకుండానే, కిటికీలోంచి తల్లిని చూసుకుని అదే బస్సులో తిరిగి వెళ్ళిపోయింది.

"ఈ ఊర్లో ఆయనకి ఇంకెవరి కేసులున్నాయే?" అంది నూకరత్నం.

"ఇంకెవరివీ నేవమ్మా. మనదొక్కటే."

నూకరత్నానికి అప్పుడు అర్థమైంది. మగమనిషి ఒంటరిగా వారం వారం ఒక ఆడపిల్ల ఇంటికి వస్తే ఊరు నోరు మూసుకోదు. కోర్టు వస్తే ఎవరేమంటారు. ఒక్క ఇంటి కోసం ఆ మహానుభావుడు మూడూళ్ళకు న్యాయస్థానం పెట్టాడు. ఆవిడకు నవ్వు ముంచుకొచ్చింది. అంత నవ్వు నవ్వి ఎంతకాలమైందో ఆవిడకే గుర్తులేదు.

చిన్నతల్లి వాళ్ళు భిలాయి వెళ్ళిపోయారు. నూకరత్నం బెంగ తగ్గకపోగా రెట్టింపైంది. కాకపోతే ఇప్పుడు దాన్ని పైకి చెప్పుకోవడానికి సిగ్గు లేదు. పరదేశి యథాప్రకారం వచ్చాడు. చిక్కటి కాఫీ ముందుకొచ్చేసరికి ఆయనకు ఏ అధికరణమూ తోచలేదు. ప్రాంతంలో కేసులు లేవు గనక కోర్టు మూసేస్తున్నానన్నాడు. నూకరత్నం వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అప్పుడే ముయ్యకు, అన్నా. భిలాయి కూడా మన ప్రాంతంలో కలిపెయ్యి."

అది మరీ దూరమన్నాడు పరదేశి. ఐరోపా కంటేనా అంది నూకరత్నం. కాఫీ ఆఖరి చుక్కదాకా తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"రాయపూర్‌లో బండి మారాలట," అన్నాడు. అప్పటికే కనుక్కుని ఉంచాడు.