అత్త తిరిగి అడిగిన రక్తం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం దొరకని రోజుల్లో, పుదుచ్చేరిలో ఒక సర్వే ఆఫీసులో చేరాను. తరాలుగా అక్కడే ఉంటున్న మావాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే గాని చదవగలిగినవాళ్లు తక్కువ. నాకు రెండూ వచ్చు కాబట్టి తీసుకున్నారు. పని చిన్నదే. ఇల్లిల్లూ తిరిగి, "మీ రక్తంలోని జన్యు సమాచారాన్ని పరిశోధనకు ఇస్తారా? ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు?" అని అడగాలి. అడిగేముందు ఒక మాట తప్పకుండా చెప్పాలి: "ఇది అభిప్రాయం తెలుసుకోవడానికే. మీరు ఒప్పుకోకుండా మీ రక్తం ఎవరూ వాడుకోరు." ముదలియార్‌పేటలో మా వీధిలో ప్రతి తిన్నె మీదా కూర్చుని నేనా మాట చెప్పాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

ఆ వీధిలోనే మా మేనత్త ఇల్లు. తల దువ్వుకుంటే రాలిన వెంట్రుకల్ని అత్త ఉండ చుట్టి, తుపుక్కున ఉమ్మి, కాలువలో వేసి, చెంబుడు నీళ్లు పోసి, అది కొట్టుకుపోయేదాకా చూసేది. మేం ఎంత ఎగతాళి చేసినా మానలేదు.

"జన్యు సమాచారమంటే ఏందే పాపా?" అంది, నేను ఆ ప్రశ్న అడగగానే.

"రత్తంలో ఉంటుందత్తా. తాతముత్తాతల నుంచి మనకేమొచ్చింది, పిల్లలకు ఏ జబ్బు రావచ్చు, దాన్ని బట్టి కొంత చెప్తారు."

"నా రత్తం చూస్తే మా అన్నది, అదే మీ నాయినది గూడా తెలుస్తాదా?"

"కొంత తెలుస్తుంది."

"అట్టయితే వద్దు. దువ్విన వెంట్రుకే ఊరోళ్ల చేతికి ఇడిసిపెట్టను, రత్తం ఇస్తానా? వద్దని రాసుకో. పెద్దగా రాసుకో."

పెద్దగానే రాసుకున్నాను.

ఆ తర్వాత ఆఫీసులో సూపర్‌వైజరును ఊరికే అడిగాను, ఇంత ఊళ్లో మా వీధే ఎందుకని. ఆయన కాఫీ తాగుతూ, దాచాల్సిన సంగతేం కాదన్నట్టు చెప్పాడు. అంతకుముందు ఏడాది మా వీధి చివర మండపంలో వీళ్లే ఉచితంగా షుగర్ పరీక్ష పెట్టారు. అప్పుడు తీసిన రక్తం పారేయలేదట. మేనరికాలు ఎక్కువున్న ఇళ్లు కదా, పరిశోధనకు బాగుంటుందని ఫ్రీజరులో దాచారట.

"శాంపిల్స్ ఆల్రెడీ ఉన్నాయి. జనం ఏమనుకుంటున్నారో కూడా తెలిస్తే రిపోర్టు బాగుంటుంది," అన్నాడు.

అత్త కూడా ఆ పరీక్షకు వరసలో నిలబడింది. షుగర్ లేదన్నారన్న సంతోషంలో వీధంతా కేసరి పంచింది.

"మరి వద్దన్నవాళ్లది?" అన్నాను.

"అది వేరే ప్రాజెక్టమ్మా. మనది ఒపీనియన్ వరకే."

బీరువా ఖాళీ చేసుకుపోయినవాడు మర్నాడు తలుపు తట్టి, దొంగతనం మీద మీ అభిప్రాయమేంటి అని అడిగినట్టుంది. ఆ తలుపులు నా చేత తట్టించారు. నా భాష చూసి, నా వరసలు చూసి, నాకు తలుపు తీస్తారనే నన్ను పెట్టుకున్నారు. సిగ్గూ ఎగ్గూ లేని మనుషులు.

నేరుగా వెళ్లి అత్తకు చెప్పేశాను. ఆమె లోపలికెళ్లి, పాలు తెచ్చుకునే మూతగిన్నె కడిగి పట్టుకొచ్చింది.

"పద. యాడుంది ఆ ఆఫీసు?"

సూపర్‌వైజరు బల్ల మీద గిన్నె పెట్టి, మూత తీసి, "నాది నాకిచ్చేయండి," అంది తమిళంలో. ఆయన నవ్వాడు. ఆ నవ్వును ఈ రోజుకీ నేను క్షమించలేదు. "అమ్మా, వాటి మీద పేర్లుండవు, నంబర్లే. మీది ఏదో మాకే తెలియదు," అన్నాడు.

"నా కోడిని పట్టుకుపోయి, కాలికి నేను కట్టిన దారం తెంపేస్తే, అది మీ కోడి అయిపోతుందా?"

ఆయన నవ్వు ఆగింది. పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడో లేదో, కబురైతే రాలేదు. ఆ సాయంత్రమే వాళ్లిచ్చిన సర్వే కాగితాల సంచీ వాళ్ల మొహాన కొట్టి వచ్చేశాను. అత్త చెప్పిన "వద్దు" వాళ్ల రిపోర్టులోకి పోయింది. ఆమె రక్తం వాళ్ల ఫ్రీజరులోనే ఉండిపోయింది.

కొన్నేళ్లకు అత్తకు నిజంగానే షుగర్ వచ్చింది. ఒకసారి పెద్దాసుపత్రికి నేనే తోడు వెళ్లాను. నర్సు గొట్టంలోకి రక్తం పట్టుకుని, సూది తీసి, దూది అద్ది, దాన్ని బుట్టలో వేయబోతే అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ పంజు నాకియ్యి తల్లీ." ఆ దూదిని కొంగున ముడేసుకుని ఇంటిదాకా తెచ్చి, తుపుక్కున ఉమ్మి, కాలువలో వేసి, నీళ్లు పోసి నిలబడింది.

"మరి ఆ గొట్టం నిండా తీసుకున్నారు కదత్తా," అన్నాను, కోపం ఆపుకోలేక.

"అది ఇడిసిపెట్టు," అంది. "అడిగితే ఇయ్యరు గదా."