ఖాళీ బెంచీల మీదుగా వాక్యం

2022 ఎండాకాలం. అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు కింది అంతస్తులో నాది సౌండ్ సిస్టమ్‌ల దుకాణం. మా నాన్న రేడియోలు బాగుచేసేవారు, నేను మైకుల్లోకి దిగాను. గుడి, మసీదు, పెళ్ళి పందిరి, పార్టీ మీటింగు, నాకన్నీ ఒకటే. మాట్లాడేవారి మాట వినేవారికి చేర్చడం వరకే నా పని. వాళ్ళేం చెప్పారో పట్టించుకుంటే ఈ వ్యాపారంలో బతకలేం.

నాంపల్లి వైపు ఒక పాత రాతి చర్చి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి పాస్టరేట్ కమిటీ సెక్రటరీ జయరాజ్ గారు. కమిటీ అంటే చర్చి వ్యవహారాలు చూసుకునే సంఘపెద్దలు. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు గానీ, గొంతు మాత్రం ఇంకా ఆ కుర్చీ దిగలేదు.

"అయ్యగారి వాక్యం వెనకకు పోతలేదు. ఉన్న బాక్సులు తీసేసి పెద్దయి పెట్టున్రి."

అయ్యగారంటే పాస్టరు, వాక్యమంటే ఆయన చేసే ప్రసంగం. వెళ్ళి చూశాను. ఎత్తైన కప్పు, రాతి గోడలు, నున్నటి నేల. ఇలాంటి చోట మాకు తలనొప్పి రివర్బ్. అంటే ఒక మాట గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడటం. పెద్ద బాక్సులు పెడితే పెరిగేది రొదే. ఆ సంగతి చెబితే జయరాజ్ గారికి నచ్చలేదు. జనం ఉన్నప్పుడు హాలు వేరేగా పలుకుతుంది కాబట్టి ఆదివారం ఆరాధనకు వచ్చి, విని, అప్పుడు చెబుతానన్నాను.

ఆదివారం ఎక్కడ కూర్చోవాలో తెలియక చివరి బెంచీలో కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ, పేరు సునందమ్మ. మెదక్‌లో మిషన్ దవాఖానలో నర్సుగా చేశారట, అందుకే అందరూ సిస్టరమ్మ అంటారు. గన్‌ఫౌండ్రీలో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కరే ఉంటున్నారు. ముందు ఎత్తుగా ఉన్న ప్రసంగ వేదిక, పల్పిట్ మీద అయ్యగారు మాట్లాడటం మొదలుపెట్టగానే ఆవిడ చెవి వెనక చేయి పెట్టుకున్నారు. కాసేపటికి విసుగొచ్చి తీసేశారు.

ఆరాధన అయ్యాక, మైకులు పెట్టడానికి వచ్చానని చెప్పి అడిగాను. "ఏమన్న ఇనబడ్డదా అమ్మా?"

"సంత లెక్క ఇనబడ్తది బిడ్డా, మాట తెల్వది. వారమంత గదిల ఒక్కదాన్నే ఉంట. నాలుగు మంచి మాటలు ఇందామనే గదా ఆటో ఎక్కి గీడికొచ్చేది. నువ్వు పెట్టే మైకులతోని గూడ ఇనబడకుంటే ఇగ మానేస్త. ఇంట్లనే ప్రార్థన చేస్కుంట."

ఆ మాట చాలా మామూలుగా అన్నారు. నాకే కష్టంగా అనిపించింది.

"ముందటికి పోయి కూసోరాదమ్మా? గన్ని బెంచీలు ఖాళీగున్నయ్."

పరాయివాళ్ళ వంటింట్లోకి దూరమన్నట్టు నా వైపు చూశారు. "గవి కమిటీ ఇండ్లోల్లయి. మేం కూసోం."

అప్పుడు చూశాను సరిగ్గా. తాతల కాలం నుంచి ముందు బెంచీలు కొన్ని కుటుంబాలవి. ఆ కుటుంబాలు కొంపల్లికీ సైనిక్‌పురికీ మారిపోయాయి, క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ వస్తాయి. మామూలు ఆదివారాల్లో మొదటి బెంచీలో జయరాజ్ గారొక్కరే, తర్వాత సగం హాలు ఖాళీ, జనమంతా వెనక. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు. ఖాళీ బెంచీల మీదుగా మాటను దాటించడానికి నన్ను పిలిచారన్నమాట. నవ్వొచ్చింది గానీ, గిరాకీ గుర్తొచ్చి ఆపుకున్నాను.

అయ్యగారు గుంటూరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన యువకుడు. ఆయన్ని మైకు లేకుండా హాల్లో ఒక్కో చోట నిలబడి మాట్లాడమన్నాను. పల్పిట్ నుంచి మాట్లాడితే అదే రొద. వెనక బెంచీల దగ్గరికొచ్చి, "సిస్టరమ్మగారూ, భోంచేశారా అండి?" అన్నారు.

"ఇంకెక్కడిది అయ్యగారూ, గీనె ఇడిస్తలేడు గదా," అని నన్ను చూపించారు సిస్టరమ్మ.

అందరం నవ్వాం. అయ్యగారు మాత్రం అక్కడే నిలబడి, "అయితే కొన్నాళ్ళు నేనిక్కణ్ణుంచే చెబుతానండి," అన్నారు.

జయరాజ్ గారి ముఖం మారింది. "పల్పిట్‌కు ఒక మర్యాద ఉంటది అయ్యగారూ. మా తాత గా ముందు బెంచీలనే కూసున్నడు, మా నాయన గాడనే కూసున్నడు. గాడికెల్లే వాక్యం విన్నం."

"మీరు విన్నారు కదండి. ఆవిడా విందామనే వస్తున్నారు."

నేను వెనక బెంచీల దగ్గర ఒక మైకు, స్తంభానికి ఒక చిన్న స్పీకరు బిగించి, సౌండు సరిచేయడానికి తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అయ్యగారు వెనక నుంచి చెబుతున్నారు, సిస్టరమ్మ తల ఊపుతూ వింటున్నారు. జయరాజ్ గారు మాత్రం మొదటి బెంచీలోనే, ఖాళీ పల్పిట్ వైపు చూస్తూ బిగుసుకుని కూర్చున్నారు. వెనక్కి తిరిగితే పరువు తక్కువ. కాసేపటికి ఆయన చేయి చెవి వెనక్కి వెళ్ళింది. నిజంగా జాలేసింది.

సౌండు ఇంకా కుదరక ఆ పై ఆదివారమూ వెళ్ళాను. కీర్తన పాడుతుండగా ఆయన లేచారు. బైబిలు చంకలో పెట్టుకుని నడవ వెంట వెనక్కి వచ్చి, సిస్టరమ్మ బెంచీ పక్కన ఆగారు. "జర జరుగున్రి సిస్టర్," అన్నారు. ఆవిడ జరిగారు.

కొన్ని వారాలకు ఆయన్నుంచే ఫోన్. "ఆ వెనక మైకు తీసేయున్రి, అక్కర లేదు." పాత కథ మళ్ళీ మొదలైందనుకుంటూ, తిట్టుకుంటూ వెళ్ళాను. ఆదివారమే. అయ్యగారు మళ్ళీ పల్పిట్ మీదే ఉన్నారు. మొదటి బెంచీలో జయరాజ్ గారు, ఆయన పక్కన సిస్టరమ్మ, ఇదివరకు చివర కూర్చునేవాళ్ళంతా వాళ్ళ వెనక వరసల్లో. జయరాజ్ గారే ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారట.

ఇప్పుడు ఏ హాలుకు పిలిచినా బాక్సుల సంగతి తర్వాత, ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడుగుతాను. ఈ చర్చి నేర్పింది అదే. కొందరు చిరాకు పడతారు, పడనీ.

మైకు తీయడానికి వెళ్ళిన ఆ రోజు ఆరాధన అయ్యేదాకా ఆగుదామని అలవాటుగా చివరి బెంచీలో కూర్చున్నాను. సిస్టరమ్మ వెనక్కి తిరిగి నన్ను చూశారు. హాలంతా వినబడేలా పిలిచారు.

"గాడెందుకు కూసున్నవ్ బిడ్డా? ముందటికి రా."